బీఎస్సీ జువాలజీ ఇంటర్న్‌షిప్: డబ్బు కట్టి ట్రైనింగ్ తీసుకోవాలా?

గాజువాక_జువాలజీ: నమస్తే అందరికీ. రెండో ఏడాది చదువుతున్నా. మా ల్యాబులో సార్ స్లైడ్ పెడతారు, మేం వరసలో వచ్చి ఓసారి కన్ను ఆనించి వెళ్లి రికార్డులో బొమ్మ గీస్తాం, అంతే ప్రాక్టికల్. ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ ఉంది. ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు పదిహేను రోజుల్లో పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి), జెల్ (ఆ డీఎన్ఏ ముక్కల్ని వేరుచేసి చూసే పద్ధతి) నేర్పి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు, ఫీజు పన్నెండు వేలు. లేదంటే మా వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేపల మీద ఏదైనా చేద్దామనుకుంటున్నా. ఏది మేలు?

పాటు_పోటు: కట్టే ముందు ఒక్కటే అడుగు తమ్ముడూ, బ్యాచ్‌కి ఎంతమంది, పైపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) ఎవరి చేతిలో ఉంటుంది అని. వాళ్లు చేస్తుంటే నువ్వు చూడటమే అయితే అది మీ కాలేజీలో ఫ్రీగానే దొరుకుతోంది కదా. హార్బర్ సంగతి, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం, నీ ఇంటర్న్‌షిప్ అంతా అందులోనే పోతుంది. దానికంటే తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి వెళ్లు. పీవీసీ పైపుతో అర మీటరు చదరం ఫ్రేమ్ చేసుకుని, పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నీటి అంచున, మధ్యలో, పైన వేసి బార్నకిల్స్ (రాళ్లకి అంటుకుని ఉండే పెంకు జీవులు), నత్తలు లెక్కపెట్టు. ఎక్కువ కనపడేచోటే ఫ్రేమ్ పెట్టాలని చేయి లాగుతుంది, అలా పెడితే ఆ లెక్కకి విలువ లేదు, స్థలం ముందే లాటరీ తీసి రాసుకో. రాళ్లు జారతాయి, ఒక్కడివే వెళ్లకు.

మైక్రోస్కోప్_అక్క: మంచి సలహానే గానీ ఎమ్మెస్సీలో బెంచ్ దగ్గర చేతులు వణికితే బార్నకిల్స్ కాపాడవండీ! అలాగని పీసీఆరే కానక్కర్లేదు. కణ విభజన చూడటానికి ఉల్లిపాయని నీళ్ల మీద పెట్టి వేర్లు రానిచ్చి, కొనలు ఉదయాన్నే కోసి, ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు, ఆల్కహాల్ మూడు వంతుల్లో నానబెట్టి, 60 డిగ్రీల దగ్గర పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాసేపు ఉంచి, ఎసిటోకార్మిన్ రంగు వేసి స్క్వాష్ చెయ్, అంటే స్లైడ్ మీద నొక్కి పలచగా పరువు. మొదట్లో కణాలన్నీ ముద్దగా కనపడతాయి, విసుగొస్తుంది, పర్లేదు. విభజనలో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టగలిగితే అదే ఒక ప్రాజెక్టు. హెచ్‌ఓడీ గారితో మాట్లాడి ల్యాబ్ సాయంత్రం తీయించుకో.

లాసన్స్‌బే_లో: మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ చూడు, రెండు నెలలు పెద్ద ల్యాబుల్లో ఉంటావు. దరఖాస్తులు మాత్రం అంతకుముందు ఏడాది చివర్లోనే, కాబట్టి వచ్చే వేసవికే. అప్పటికి ఈ రాళ్ల లెక్కలైనా, ఉల్లి వేర్ల లెక్కలైనా చేతిలో ఉంటే రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది.

గాజువాక_జువాలజీ: థాంక్స్ అందరికీ, డబ్బు కట్టట్లేదు. అన్నా, ఫ్రేమ్‌కి అర అంగుళం పైపు చాలా?

పాటు_పోటు: చాలు. లోపల నైలాన్ దారంతో గడులు కట్టు, లెక్క తప్పదు.