19 ఏళ్ల రగ్బీ ఫార్వర్డ్: లాక్‌గా ఆడాలా, ఫ్లాంకర్‌గానా?

మా తమ్ముడికి 19 ఏళ్లు. ఎత్తు 193 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. క్లబ్ జట్టులో ఒక వారం 4వ నంబర్ లాక్‌గా (రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఎదురెదురుగా తోసుకునే స్క్రమ్‌లో రెండో వరుస ఆటగాడు), మరో వారం 6వ నంబర్ బ్లైండ్‌సైడ్ ఫ్లాంకర్‌గా (స్క్రమ్‌కి పక్కన, మైదానం అంచు దగ్గరగా ఉన్న వైపు ఉండేవాడు) ఆడిస్తున్నారు. లైనౌట్‌లో (బయటికి పోయిన బంతిని పక్క గీత నుంచి లోపలికి విసిరినప్పుడు) బంతి చక్కగా అందుకుంటాడు. కానీ లాక్‌గా ఆడిన రోజు స్క్రమ్‌లో తోసీ తోసీ 55వ నిమిషానికల్లా అలసిపోతాడు, ఆ తర్వాత రక్‌లకు (నేల మీది బంతి కోసం జరిగే తోపులాటలకు) ఆలస్యంగా చేరతాడు. ఫ్లాంకర్‌గా 80 నిమిషాలూ నిలబడతాడు గానీ, బంతి పట్టుకుని దూసుకెళ్తే ఎదుటివాళ్లు సులువుగా ఆపేస్తున్నారు. అభిమానులేమో ప్రతి మ్యాచ్‌లోనూ 8వ నంబర్ ఆటగాడిలా (స్క్రమ్ చివర ఉండి బంతితో దూసుకెళ్లేవాడిలా) చెలరేగాలంటారు. ఈ వయసుకి అది చాలా ఎక్కువ టెన్షన్. కోచ్‌ని అడిగితే రెండూ ఆడనివ్వమన్నారు. జిమ్‌లో కాళ్ల బలం పెంచాడు, మ్యాచ్ వీడియోలూ చూశాం, తేడా రాలేదు. వచ్చే సీజన్‌కి ఒకే స్థానంలో కుదురుకోవాలంటే ఏది ఎంచుకోవాలి, లాకా, ఫ్లాంకరా?