అమెరికాల ఈ ‘చెక్’ కథ ఏంది అన్నా?

కాజీపేట తమ్ముడు: అన్నలూ, అక్కలూ, నమస్తే. కొత్తగ వచ్చిన. జీతం వేసేటందుకు ఆఫీసోళ్లు ‘వాయిడెడ్ చెక్’ తెమ్మంటున్నరు. హోటల్‌కు పోతే తిన్నంక ‘చెక్’ తేవాల్నా అని అడిగిండ్రు. ఒక్క మాట ఎన్ని తీర్ల వాడుతరు?

హనుమకొండ అన్న: తమ్మీ, ముందుగాల పైసల ముచ్చట. చెక్కుబుక్కులకెళ్లి ఒక చెక్కు చింపి, దాని మీద అడ్డంగ పెద్ద అక్షరాలతోని ‘వాయిడ్’, అంటే చెల్లదు అని, రాసియ్యి. సంతకం పెట్టకు. వాళ్లకు కావల్సినయి కింద అచ్చేసిన నంబర్లే: 9 అంకెల రౌటింగ్ నంబర్, మన ఐఎఫ్ఎస్‌సీ అసొంటిది, ఇంకోటి నీ ఖాతా నంబర్. చెక్కుబుక్కు రాకుంటే బ్యాంకుల జీతం సీదా ఖాతాల పడేటందుకు ఇచ్చే ‘డైరెక్ట్ డిపాజిట్’ ఫారం అడుగు, చానా ఆఫీసులల్ల నడుస్తది. ‘చెకింగ్ అకౌంట్’ అంటే దినాం ఖర్చుల ఖాతా, మన కరెంట్ అకౌంట్ లెక్క వ్యాపారం చేసేటోళ్లకే అనుకోకు. కిరాయికి చెక్కు రాసేటప్పుడు తారీఖుల నెల ముందు, రోజు తర్వాత.

హోటల్ల చెక్ అంటే బిల్లే. బిల్లు అంటే మళ్ల ఇక్కడ డాలర్ నోటు గూడ!

ఫారం మీద ‘చెక్ ద బాక్స్’ అని ఉంటే సరిచూసి ఊకునుడు కాదు, టిక్కు కొట్టాలె. కార్ల ‘చెక్ ఇంజిన్’ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం బండి పక్కకు ఆపు.

పిలిస్తే ఎవరన్న ‘రెయిన్ చెక్’ అంటే వాన ముచ్చట కాదు. ‘ఇయ్యాల వీలుపడది, ఇంకోపాలి’ అని మర్యాదగ చెప్పుడు. బేస్‌బాల్ ఆట వానకు ఆగిపోతే మళ్లొచ్చి చూసేటందుకు ఇచ్చే టికెట్టుకు మొదట్ల ఆ పేరు. సేల్‌ల మాల్ అయిపోతే కొన్ని దుకాణాలల్ల గూడ ఇస్తరు, తర్వాత అదే ధరకు కొనుక్కోవచ్చు. సిగ్గుపడకుండ అడుగు.

కరీంనగర్ అక్క: వీటన్నిటికి మూలం చదరంగం తమ్మీ. పారసీల ‘షా’ అంటే రాజు, మన బాద్‌షాల ఉన్న షానే. అది అరబ్బీ, ఫ్రెంచి దాటుకుంట ఇంగ్లీషులకు చెక్ అయి వచ్చింది. రాజును అడ్డగించుడు కాబట్టి ఆపుడు, ఆపి చూసుడు అనే అర్థాలు పుట్టినయి. గళ్ల అంగీని చెక్స్ అనేది గూడ చదరంగం పలక మీది గళ్ల నుంచే.

కిరాయికి ఇల్లు చూసేటప్పుడు ‘బ్యాక్‌గ్రౌండ్ చెక్’, అంటే నీ పాత వివరాలు ఆరా తీసుడు, అని ఫీజు అడుగుతరు. ఇల్లు ఇయ్యకుంటే వాపస్ ఇస్తరా లేదా ముందే కనుక్కో.

కాజీపేట తమ్ముడు: చెక్కుబుక్కు ఇంక రాలే అన్నా, రేపు ఫారమే తీసుకుంట.