చిక్కుడు పూత రాలేదు: తప్పు ఎరువుదా, టెర్రస్ లైటుదా?

మిద్దెతోట_కూకట్‌పల్లి:
జూలైలో రెండు టబ్బుల్లో చిక్కుడు పెట్టాను. అమ్మ ఊరి నుంచి పంపిన విత్తనమే రెండింట్లోనూ. నీళ్ల ట్యాంకు చాటున ఉన్న తీగ కార్తీకంలోనే గుత్తులుగా కాసింది. లిఫ్ట్ రూమ్ గోడకున్న ఫ్లడ్‌లైటు కింది తీగ పందిరంతా కమ్మేసింది కానీ, సంక్రాంతి దాటినా ఒక్క పువ్వు లేదు. లైటు రాత్రంతా వెలుగుతుంది. ఆపమంటే అసోసియేషన్ వాళ్లు "వెలుతురు మొక్కకి మంచిదే కదా మేడమ్" అంటున్నారు. నిజమేనా?

రైతుబిడ్డ:
అక్కా, నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, పూత రాదు. లైటు మీద నెపం వద్దు. డ్రాగన్ ఫ్రూట్ రైతులు చలికాలంలో తోటంతా బల్బులు కట్టి మరీ పూత తెప్పిస్తున్నారు. మొక్కకి తెలిసింది ఎండా నీరూ, టైము కాదు.

మిద్దెతోట_కూకట్‌పల్లి:
రెండు టబ్బులకీ ఒకే మట్టి, ఒకే వర్మీ కంపోస్టు తమ్ముడూ.

ఆకుపచ్చ_రాజేంద్రనగర్:
అన్నా, మొక్కకి టైము తెలుసు. 1729లోనే డి మైరాన్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తిని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ సోకకపోయినా ఆకులు పగలు విచ్చుకున్నాయి, రాత్రి ముడుచుకున్నాయి. అంటే మొక్క లోపలే ఒక గడియారం ఉందన్నమాట.

రోజువారీ ఎదుగుదలా అంతే. ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే బుల్లి మొక్క మీద ఈ పని బాగా జరిగింది. పొద్దుగూకాక దాని గడియారంలోని మూడు ప్రోటీన్లు జట్టుకట్టి, కాండాన్ని సాగదీసే పిఫ్ జన్యువులను తొక్కిపెడతాయి. తెల్లవారుజాముకి ఆ పట్టు సడలుతుంది. పిఫ్ ప్రోటీన్లు పోగై ఆక్సిన్ హార్మోన్ తయారీని పెంచుతాయి, కాండం గబగబా సాగుతుంది. తెల్లారి వెలుతురు పడగానే ఆ ప్రోటీన్లు కరిగిపోతాయి. పొద్దు పొట్టిగా ఉన్న రోజుల్లో అది ఎక్కువగా పెరిగేది ఆ చివరి చీకటి గంటల్లోనే.

ఇంకో సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. పగలు దాచుకున్న పిండి పదార్థాన్ని ఆ మొక్క రాత్రంతా సమంగా ఖర్చుపెట్టి, సరిగ్గా తెల్లారేసరికి దాదాపు ఖాళీ చేస్తుంది. ఒకరోజు దాన్ని ముందుగా చీకట్లో పెడితే, ఖర్చు తగ్గించి మళ్లీ తెల్లారేదాకా సర్దుకుంటుంది.

రైతుబిడ్డ:
రాత్రి ఎండ ఉండదు, ఆకుల్లో నీరు నిలుస్తుంది, అందుకే తీగ సాగుతుంది. దీనికి గడియారం ఎందుకు? మా టమాటా కూడా వీధి దీపం కిందే ఉంది, బాగానే కాస్తోంది.

ఆకుపచ్చ_రాజేంద్రనగర్:
నెట్టేది నీరే, ఒప్పుకుంటాను. కానీ కణం గోడ వదులైతేనే కదా సాగేది! ఆ గోడను వదులు చేసేది ఆక్సిన్. ఆక్సిన్‌కి మొక్క ఏ వేళ ఎంత స్పందించాలో గడియారమే చూసుకుంటుంది.

టమాటా పూతకి పగటి పొడవుతో పని లేదు. నాటు చిక్కుడు అలా కాదు, రాత్రులు పొడుగైతేనే పూస్తుంది. డ్రాగన్ ఫ్రూట్‌కి పగలు పొడుగు కావాలి, అందుకే అక్కడ బల్బు లాభం. చామంతి రైతులు అదే బల్బుతో పూత ఆపుతారు. బల్బు రెండుచోట్లా ఒకటే, దాన్ని మొక్క గడియారం అర్థం చేసుకునే తీరే వేరు. అక్క పందిరికి మాత్రం ఇంకా వేసవి రాత్రులే నడుస్తున్నాయి.

రైతుబిడ్డ:
చిక్కుడు వరకు సరే. ఆకుకూరలకి నష్టమని మాత్రం నేను ఒప్పుకోను. మా గోంగూర లైటు కిందే ఎక్కువ రోజులు ఆకిస్తోంది.

ఆకుపచ్చ_రాజేంద్రనగర్:
గోంగూరా పొట్టి పగళ్లకి పూసేదే. పూత వాయిదా పడి ఆకు మిగులుతోంది. అక్కడ నీ మాటే నెగ్గింది అన్నా.

మిద్దెతోట_కూకట్‌పల్లి:
మెట్ల వైపు వెలుతురు ఉంటే కెమెరాకి చాలట. లైటుకి రేకు ముక్క అడ్డం కట్టిస్తామన్నారు. తీగ కొనలకి నీడ పడితే సరిపోతుందా?

ఆకుపచ్చ_రాజేంద్రనగర్:
కొనలకి కాదు మేడమ్, ఆకులకి చీకటి కావాలి. పూయమనే కబురు పుట్టేది ఆకుల్లో. అది ఒక ప్రోటీన్ రూపంలో కొనకి ప్రయాణిస్తుందని 2007లో అరాబిడాప్సిస్‌లోనూ వరిలోనూ తేలింది. రేకు వెడల్పుగా, పందిరి మొత్తానికి నీడ పడేలా కట్టించండి. పొద్దు ఇంకా పొట్టిగానే ఉంది, ఈ వారంలోనే చేయించండి.