డివిజన్‌లో మిగతా నలుగురూ చతికిలబడ్డారు, ఇక సంబరపడొచ్చా? (అమెరికా బేస్‌బాల్, అమెరికన్ లీగ్ వెస్ట్, 2024)

బెల్‌వ్యూ బాలు (జూన్ 19)
మన సియాటిల్ మెరైనర్స్ 44–31 (గెలుపులు–ఓటములు). మన వెనకున్నవాళ్లు పది ఆటల దూరంలో ఉన్నారు! పోయినేడు 88 గెలిచి కూడా ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నాం. హ్యూస్టన్ ఆస్ట్రోస్, టెక్సస్ రేంజర్స్ చెరో 90 గెలిచి వెళ్లాయి. ఇప్పుడు ఆ రెండింటికీ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. ఏమైందో ఆ ఊళ్లవాళ్లే చెప్పండి, చెవులకు ఇంపుగా ఉంటుంది.

కేటీ కృష్ణ
వినండి మరి, మా హ్యూస్టన్ సంగతి. ఏప్రిల్‌లో 7–19తో మొదలుపెట్టాం. మా పిచర్లు (బంతి విసిరేవాళ్లు) హావియెర్, ఉర్కిడీ ఇద్దరికీ ఈ నెలలోనే మోచేతి ఆపరేషన్లు, ఈ సీజన్‌కి ఇక రారు. టకర్ తను కొట్టిన బంతే కాలి ఎముకకి తగిలి కూర్చున్నాడు. అన్నిటికంటే ఘోరం బ్యాటర్ అబ్రేయూ. మూడేళ్లకి 5.85 కోట్ల డాలర్లు, బ్యాటింగ్ సగటు .124, అంటే దాదాపు ఎనిమిదింట ఒక్క హిట్. స్వింగ్ సరిచేసుకోమని మధ్యలో ఫ్లోరిడా పంపారు, తిరిగొచ్చాక కూడా అదే తంతు. మొన్న శుక్రవారం సాగనంపారు. వచ్చే ఏడాది జీతం మాత్రం ఇవ్వాల్సిందే. అయినా 2017 నుంచి ఏడు సీజన్లలో ఆరుసార్లు డివిజన్ మాదే. నవ్విన నాపచేనే పండుతుంది, గుర్తుంచుకోండి.

ఫ్రిస్కో_22
మేం టెక్సస్ వాళ్లం, పోయినేటి ఛాంపియన్లం అని చెప్పుకోడానికి సిగ్గేస్తోంది. పిచర్లు డిగ్రామ్, షెర్జర్, మాలే ముగ్గురూ గాయాలతో బయటే. జంగ్‌కి ఏప్రిల్ 1నే మణికట్టు విరిగింది. పిచర్లు వచ్చేదాకా ఎలాగో నెట్టుకొద్దామన్నది ప్లాన్, కానీ ఈలోపు పరుగులు చేసేదెవరు? పోయిన ప్లేఆఫ్స్‌లో 22 పరుగులు రాబట్టి రికార్డు కొట్టిన గార్సియా ఇప్పుడు అందని బంతులకి కూడా బ్యాట్ ఊపేస్తున్నాడు.

ఇర్వైన్ సుధ
మా ఏంజెల్స్ సంగతి రెండు ముక్కల్లో: ఓటానీ 70 కోట్ల డాలర్లకి డాడ్జర్స్‌కి వెళ్లిపోయాడు, ట్రౌట్ పది హోమ్ రన్లు (బంతి గోడ దాటే దెబ్బలు) కొట్టి ఏప్రిల్ ఆఖర్లో మోకాలు పోగొట్టుకున్నాడు. గాయాలు వదలని రెండన్ గురించి దయచేసి అడగొద్దు. ప్లేఆఫ్స్ చూసి పదేళ్లు.

ఫ్రీమాంట్ బ్యాట్
మా ఏస్ (ఓక్లాండ్ అథ్లెటిక్స్) గురించి ఎవరూ అడగలేదు, మంచిదే. 1968 నుంచి ఓక్లాండ్‌లో ఉన్న టీమ్ వచ్చే ఏడాది సాక్రమెంటో పోతోంది. ఇంక పాయింట్ల పట్టిక ఎవడిక్కావాలి? మా పిచర్ మేసన్ మిల్లర్ ఆఖర్లో వచ్చి గంటకి 100 మైళ్ల పైన విసురుతుంటే అది చూడ్డానికే వెళ్తున్నా.

రెడ్‌మండ్ రవి
బాలు అన్నా, నాకైతే టెన్షన్ తగ్గలేదు. వాళ్లవి గాయాలు, నయమవుతాయి. మన జబ్బు బ్యాటింగ్. స్ట్రైకౌట్లలో (బంతి కొట్టలేక అవుటవడంలో) ముప్పై టీముల్లోకీ మనమే ముందు. మన పిచర్లు గిల్బర్ట్, కర్బీ అంత బాగా వేస్తున్నా ప్రతి రాత్రీ ఆట ఒక్క పరుగు మీదే వేలాడుతుంది. మన గ్రౌండ్‌లో చల్లటి రాత్రి మన బ్యాటర్ హూలియో బంతిని గట్టిగా లేపుతాడు, జనమంతా లేచి నిలబడతారు. ఫీల్డర్ మాత్రం తీరిగ్గా రెండడుగులు వెనక్కేసి, గోడకి ముందే పట్టేసుకుంటాడు. 2022 ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్‌తో ఆట గుర్తుందా? 7–5తో గెలుస్తున్నాం, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు. వాళ్ల అల్వరెజ్ ఒక్క దెబ్బతో మూడు పరుగులు, అంతే సంగతులు. హ్యూస్టన్ మీద పది ఆటలంటే నాకు రెండే అనిపిస్తుంది.

బెల్‌వ్యూ బాలు
అబ్బా, ఒక్క వారమైనా సంతోషంగా ఉండనివ్వవయ్యా.

కేటీ కృష్ణ (జులై 17)
అందరూ కులాసానా? మీరు 52–46, మేం 50–46. ఒక్క ఆట తేడా. శుక్రవారం నుంచి మీ ఊళ్లోనే మూడు ఆటలు.

ఫ్రిస్కో_22
మా ఊళ్లో నిన్న ఆల్‌స్టార్ ఆట అయింది. ఈ సీజన్‌లో మాకు మిగిలిన పండగ అదొక్కటే అనిపిస్తోంది.

రెడ్‌మండ్ రవి
చెప్తే విన్నారా! ఆటగాళ్లని మార్చుకునే ట్రేడ్ గడువు ఈ నెల 30తో అయిపోతుంది. బాగా కొట్టేవాణ్ని ఒక్కణ్నైనా తెమ్మని మన టీమ్ నడిపే డిపోటోకి ఎవరైనా చెప్పండయ్యా.

బెల్‌వ్యూ బాలు
శుక్రవారం ఆటకి నా దగ్గర ఒక టికెట్ ఎక్కువుంది. కృష్ణగారూ, మీ హ్యూస్టన్ నారింజ చొక్కా ఇంట్లో పెట్టొస్తానంటే మీకే.