చిన్న గూడులో మొక్కల ఆక్వేరియం: వారానికి అరగంట పనితో నడిచేలా అమర్చుకోవడం ఎలా?

ప్రశ్న

మాది చిన్న ఇల్లు. నేను చదువుకునే బల్ల పక్కన గోడలో సుమారు రెండడుగుల పొడవు, అడుగు లోతు ఉన్న రాతి గూడు ఒకటి ఖాళీగా ఉంది. అందులో ప్లాస్టిక్ మొక్కలు కాకుండా నిజమైన మొక్కలతో, కొద్దిపాటి చేపలతో ఒక ఆక్వేరియం పెట్టుకోవాలని ఉంది. అయితే వారానికి అరగంటకు మించి దానికి కేటాయించలేను. అప్పుడప్పుడు పది రోజుల పాటు ఊళ్లో ఉండను కూడా. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేకపోతే మొక్కలు బతకవని కొందరు, అడుగున మట్టి వేస్తే ఫిల్టర్ కూడా అక్కర్లేదని మరికొందరు చెబుతుంటే ఏది నమ్మాలో తెలియడం లేదు. గూటికి ఎదురుగా ఉన్న కిటికీ నుంచి సాయంత్రం పూట గంటసేపు ఎండ పడుతుంది. మా కుళాయి నీటిలో క్లోరిన్ వాసన ఉంటుంది, పాత్రల మీద తెల్లటి చారలు కూడా పడతాయి. ఎంత తొట్టి తీసుకోవాలి, ఏ మొక్కలు వేయాలి, ఎన్ని చేపలు వేయవచ్చు? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు

తొట్టి ఎంత చిన్నదైతే పని అంత తక్కువ అనిపిస్తుంది గాని, జరిగేది అందుకు విరుద్ధం. పది లీటర్ల నీటిలో మిగిలిపోయిన చిటికెడు మేత కుళ్లినా అమ్మోనియా వెంటనే ప్రమాదకర స్థాయికి చేరుతుంది, గదిలో వేడి పెరిగితే నీరూ గంటల్లోనే వేడెక్కుతుంది. అందువల్ల స్థలం అనుమతించినంత పెద్దది తీసుకోవడమే శ్రమను తగ్గించే మొదటి ఉపాయం. అలాగని మీ గూడులో అరవై సెంటీమీటర్ల తొట్టిని ఇరికించవద్దు. రెండడుగులంటే అరవై ఒక్క సెంటీమీటర్లే కాబట్టి గాలి గొట్టానికి, వైర్లకు, అద్దం తుడిచే చేతికి చోటుండదు. 45×30×30 సెంటీమీటర్ల తొట్టి మీకు సరిపోతుంది. లెక్కప్రకారం అది నలభై లీటర్లే అయినా, ఇసుక, దుంగ పోగా అందులో పట్టే నీరు ముప్పై లీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గాజు, ఇసుక, నీరు అన్నీ కలిపి బరువు యాభై కిలోలకు చేరుతుంది కనుక ఆ రాయి దాన్ని మోయగలదో లేదో ముందే చూసుకోండి. తొట్టి కింద పలుచటి థర్మాకోల్ షీటు గాని ఫోమ్ షీటు గాని పరిస్తే రాతి మీది చిన్న చిన్న ఎత్తుపల్లాల వల్ల అడుగు అద్దం పగలకుండా ఉంటుంది. తొట్టి పైఅంచుకూ గూటి పైకప్పుకూ మధ్య మోచేయి వంచి లోపలికి పెట్టగలిగేంత ఖాళీ లేకపోతే మాత్రం ఆ గూడును వదిలేసి వేరే చోటు చూసుకోండి. చేయి అందని తొట్టిని ఎవరూ శుభ్రం చేయరు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మీకు అవసరం లేదు. గాలిలోంచి నీటిలో కలిసేదీ, చేపలూ బ్యాక్టీరియా విడిచేదీ నెమ్మదిగా పెరిగే మొక్కలకు చాలు. మొక్క ఎంత వేగంగా పెరగాలనుకుంటుందో నిర్ణయించేది వెలుతురు. వెలుతురు ఎక్కువగా ఇచ్చి కార్బన్ డయాక్సైడ్ ఇవ్వకపోతే మొక్క వాడుకోలేనిది నాచు పాలవుతుంది. ఒక మోస్తరు ఎల్‌ఈడీ దీపాన్ని టైమర్‌కు తగిలించి మొదట్లో రోజుకు ఆరు గంటలు, మొక్కలు నిలదొక్కుకున్నాక ఏడెనిమిది గంటలు వెలిగేలా పెట్టండి. సాయంత్రపు ఎండ నేరుగా తొట్టి మీద పడకుండా కిటికీకి తెర వేయండి. దీపం, పంపుల వైర్లు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి మళ్లీ పైకి వెళ్లేలా అమర్చండి, అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే కింద పడిపోతుంది.

ఇక చేపలు. తొట్టి సిద్ధమైన రోజే చేపలు తేవద్దు. చేపల విసర్జనతో, మిగిలిన మేతతో ఏర్పడే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది మితంగా ఉన్నంతవరకు హాని చేయదు, పైగా మొక్కలు దాన్ని వాడుకుంటాయి. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలోను, ఇసుక మీద, ఆకుల మీద స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ కాలంలో చేపలు లేకపోయినా చిటికెడు మేత వేస్తూ, టెస్ట్ కిట్‌తో నీటిని పరీక్షిస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ మొదట పెరిగి, తర్వాత మేత వేస్తున్నా సున్నా దగ్గరే నిలిచినప్పుడు తొట్టి సిద్ధమైనట్టు. గాలి పంపుతో నడిచే మామూలు స్పాంజ్ ఫిల్టర్ ఇంత తొట్టికి చాలు. పంపును నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా గొట్టంలో చెక్ వాల్వ్ (ఒకవైపుకే పోనిచ్చే చిన్న కవాటం) బిగించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి వచ్చేస్తుంది.

రెండో జవాబు

పైవారు తొట్టి గురించి చెప్పినదంతా సరైనదే కాబట్టి నేను మొక్కల విషయానికి వస్తాను. మీకు అనూబియస్ నానా, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ వెండ్‌టీ, వాలిస్నేరియా చాలు. వీటిలో మొదటి రెండింటినీ ఇసుకలో పాతకూడదు. వాటి వేళ్ల పైన అడ్డంగా పాకే లావుపాటి ఆకుపచ్చ కాండం ఉంటుంది, దాన్ని కప్పేస్తే కుళ్లి, మొక్క మొత్తం పోతుంది. దాన్ని డ్రిఫ్ట్‌వుడ్ (తొట్టిలో పెట్టే ఎండు దుంగ) మీదో రాయి మీదో ఆనించి నూలు దారంతో నాలుగు చుట్లు కట్టి వదిలేయండి. కొన్ని వారాలకు దారం చివికిపోయే వేళకు వేళ్లు చెక్కను పట్టుకుని ఉంటాయి. వాలిస్నేరియా కఠిన జలంలో బాగా పెరుగుతుంది, పాత్రల మీద తెల్లటి చారలు పడే నీరంటే దానికి అనుకూలమే. వెనుక అద్దం పొడవునా నాలుగు మొక్కలు నాటితే ఇసుక కింద తీగలు సాగించి తనంతట తానే పరుచుకుంటుంది.

ఒక విషయంలో ముందే హెచ్చరిస్తున్నాను. నర్సరీలు ఈ మొక్కల్లో చాలావాటిని నీటి బయట, తేమగా ఉండే గాలిలో పెంచుతాయి. నీటిలో ముంచిన కొద్ది రోజులకు క్రిప్టోకోరైన్ ఆకులు అంచుల నుంచి పలచబడి, గాజులా అవతలి వైపు కనిపించేంత పారదర్శకమై, తాకితే జావలా విడిపోతాయి. మొక్క చచ్చిపోయిందనుకుని చాలామంది దాన్ని పీకి పారేస్తారు. అలా చేయకుండా కరిగిన ఆకులను మాత్రం తీసివేసి వేరును కదపకుండా ఉంచితే, కొన్ని వారాల్లో నీటికి అలవాటుపడిన కొత్త ఆకులు మొదలు దగ్గర మొలుస్తాయి.

మొదటి రెండు నెలలు వేగంగా పెరిగే మొక్క ఒకటి తప్పనిసరిగా ఉండాలి. హార్న్‌వర్ట్‌ను పాతకుండా నీటిపై తేలనివ్వండి, లేదా కొద్దిగా సాల్వీనియా వేయండి. ఆకులు నీటిపైన ఉండే సాల్వీనియా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా తీసుకుంటుంది గనుక దానికి ఆ కొరత ఉండదు. నీటిలోని అమ్మోనియాను, నైట్రేట్‌ను నాచు కంటే ముందే ఈ రెండు మొక్కలూ పీల్చేసుకుంటాయి. సాల్వీనియా నీటి ఉపరితలంలో సగానికి మించకుండా వారం వారం పిడికెడు తీసేస్తూ ఉండండి. తీసినదాన్ని ఎండబెట్టి చెత్తలో వేయాలే తప్ప చెరువులో గాని కాలువలో గాని పారేయకూడదు. గుర్రపు డెక్క జలాశయాలను ఎలా కమ్మేసిందో చూసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

అడుగు పొర విషయంలో నా సలహా మట్టి. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల మందాన ఎరువులు కలపని తోట మట్టి పరిచి, దానిపై అంతే మందాన ఇసుక గాని సన్నని గులకలు గాని కప్పుతారు. మొక్కలకు కావలసిన పోషకాలు ఆ మట్టిలోనే ఉంటాయి, అది నెమ్మదిగా కుళ్లుతూ కార్బన్ డయాక్సైడ్‌నూ విడుదల చేస్తుంది. ఏళ్ల తరబడి ఎరువు వేయకుండా నడిచే తొట్లు ఈ పద్ధతిలో ఉన్నాయి.

మూడో జవాబు

మట్టి పద్ధతి మంచిదే గాని ఈ ప్రశ్న అడిగినవారికి నేను దాన్ని సూచించను. వాలిస్నేరియా ఎలాగూ పాకుతుంది, దాన్ని అప్పుడప్పుడు పీకక తప్పదు. పీకిన ప్రతిసారీ కింది మట్టి పైకి లేచి నీరు బురదగా మారుతుంది. పైగా మొదటి వారాల్లో మట్టి నుంచి అమ్మోనియా, రంగు నీటిలోకి దిగుతాయి కాబట్టి నీరు తరచుగా మార్చాల్సి వస్తుంది. వారానికి అరగంట మాత్రమే ఉన్నవారికి ఇది మొదట్లోనే విసుగు పుట్టిస్తుంది. అనూబియస్, జావా ఫెర్న్ ఎలాగూ చెక్కమీద బతికేవి. మట్టి కావలసింది క్రిప్టోకోరైన్‌కూ వాలిస్నేరియాకూ మాత్రమే. వాటికి ఉత్త ఇసుకలో వేళ్ల దగ్గర రూట్ ట్యాబ్ (ఎరువు బిళ్ల) ఒకటి గుచ్చి, కొన్ని నెలలకొకసారి కొత్తది గుచ్చితే సరిపోతుంది. ఇసుక ఐదు సెంటీమీటర్ల మందాన వేయండి, అంతకంటే తక్కువైతే నాటిన మొక్క తేలిపోతుంది.

చేపల విషయంలో కఠినంగా ఉండండి. ముప్పై లీటర్ల నీటికి ఎనిమిది నుంచి పది ఎంబర్ టెట్రాలు, లేదా కొన్ని మగ గప్పీలు, లేదా ఒకే ఒక్క బెట్టా. వీటిలో ఏదో ఒకటే, మూడూ కలిపి కాదు. మీ నీరు కఠినమైనది గనుక గప్పీలే మేలు. ఎంబర్ టెట్రాలకు మృదువైన నీరు ఇష్టం. ఆడ గప్పీలను కలిపితే నెలల్లోనే తొట్టి పిల్లలతో నిండిపోతుంది. గోల్డ్‌ఫిష్ వద్దు, అది పెద్దదవుతుంది, విపరీతంగా విసర్జిస్తుంది, మొక్కలనూ కొరుకుతుంది. నాచు తింటుందని చెప్పి అమ్మే సక్కర్ చేప అసలే వద్దు. కొనేటప్పుడు వేలెడంత ఉన్నా అది అడుగు పొడవుకు మించి పెరిగే జాతి. నాచు కోసం చెర్రీ రొయ్యలు, నెరైట్ నత్తలు మేలు, కాకపోతే బెట్టా ఉన్న తొట్టిలో రొయ్యలకు భరోసా ఉండదు. రొయ్యలు ఉన్నప్పుడు రాగి కలిసిన మందులేవీ నీటిలో వేయకూడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇసుక, మగ గప్పీలు అని నిర్ణయించుకున్నాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. నీటిని ఎంత, ఎన్నాళ్లకొకసారి మార్చాలి, కుళాయి నీటిని ముందురోజు పట్టి ఉంచితే క్లోరిన్ పోతుందా? పది రోజులు ఊళ్లో లేనప్పుడు చేపల మేతకు ఏం చేయాలి?

మొదటి జవాబు రాసినవారు

వెడల్పాటి బకెట్‌లో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. అయితే కొన్నిచోట్ల నీటి సరఫరాలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే రసాయనం) వాడతారు, అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు. మీ దగ్గర ఏది వాడుతున్నారో తెలియకపోతే సోడియం థయోసల్ఫేట్ ఉన్న కండిషనర్‌ను సీసా మీద రాసిన మోతాదులో కలపండి. అది క్లోరమైన్‌ను విడగొట్టినప్పుడు కొంత అమ్మోనియా మిగులుతుంది గాని, మొక్కలు దట్టంగా ఉండి ఫిల్టర్ నిలదొక్కుకున్న తొట్టి ఆ కొద్దిపాటిని తట్టుకుంటుంది.

మొదటి రెండు నెలలు వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చండి. ఆ తర్వాత నైట్రేట్ పరీక్ష ఎక్కువ చూపకపోతే రెండు వారాలకొకసారి చాలు. ఆవిరైనంత నీరు పోయడాన్ని నీరు మార్చడంగా లెక్కించకూడదు. ఆవిరయ్యేది నీరే, అందులోని లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. మీ నీటిలో అవి ముందే ఎక్కువ కాబట్టి పైన అద్దపు మూత పెట్టి ఆవిరిని తగ్గించండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. మార్చడానికి తీసిన తొట్టి నీటిలోనే రెండు మూడుసార్లు పిండితే మురికి పోతుంది, బ్యాక్టీరియా మిగులుతుంది.

మొదటి వారాల్లో అద్దం మీద, ఆకుల మీద గోధుమ రంగు పొడిలాంటిది పట్టవచ్చు. అది డయాటమ్ అనే ఒక రకం సూక్ష్మమైన నాచు. తుడిచేస్తూ ఉంటే కొంతకాలానికి తనే తగ్గుతుంది, దానికోసం మందులేవీ వేయవద్దు. అనూబియస్ ఆకుల అంచుల్లో నల్లని కుచ్చులు కనిపిస్తే దానికి వెలుతురు ఎక్కువైందన్నమాట. ఆ ఆకును కత్తిరించి, మొక్కను వాలిస్నేరియా నీడలోకి జరపండి.

ఊరెళ్లేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న పెద్ద గప్పీలకు పది రోజులు మేత లేకపోయినా ఏమీ కాదు, అవి ఆకుల మీది నాచును కొరుక్కుంటూ ఉంటాయి. నీటిలో వేసి వెళ్లే మేత బిళ్లలు వాడవద్దు, అవి కరిగి నీటిని పాడుచేస్తాయి. పొరుగువారికి మేత డబ్బా అప్పగించడం అంతకంటే ప్రమాదం. జాలితో రెండింతలు వేస్తారు. బయలుదేరే రెండు రోజుల ముందు నీరు మార్చి, టైమర్‌ను ఆరు గంటలకు తగ్గించి వెళ్లండి. మామూలు రోజుల్లో కూడా రెండు నిమిషాల్లో తినేయగలిగినంతే వేయాలి, వారంలో ఒక రోజు అసలే వేయకపోయినా మంచిదే.

రెండో జవాబు రాసినవారు

ఇసుకే వేస్తున్నారు కాబట్టి ఒక్క మాట. పోసే ముందు బకెట్‌లో నీరు తేటబడే దాకా కడగండి, పైకి తేటగా కనిపించినా మరోసారి కడగండి. తొట్టిలో నీరు నింపేటప్పుడు ఇసుక మీద ఒక ప్లేటు పెట్టి దాని మీదికి సన్నని ధారగా పోస్తే నాటిన మొక్కలు లేవవు. డ్రిఫ్ట్‌వుడ్ కొన్ని రోజులు నానితే గాని మునగదు కాబట్టి దాన్ని ఇప్పుడే ఒక టబ్బులో నానబెట్టి, పైన రాయి పెట్టి ఉంచండి.