బే డైకరా, పీటర్స్ డైకరా? నల్లచార ఒక్కటీ చూస్తే సరిపోతుందా?

గుంటూరు_పచ్చిక: మధ్య ఆఫ్రికా దేశం గాబన్ అడవుల్లో కెమెరా ట్రాప్‌లు (జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) తీసిన ఫొటోల్లో జంతువుల్ని గుర్తించి పేర్లు పెడుతున్నాం. ఈ రెండూ డైకర్లు, అంటే ఆఫ్రికా అడవుల్లో తిరిగే చిన్న జింకల్లాంటి జంతువులు. రెండూ మన మేకంత ఉంటాయి, రెండూ ఎర్రగానే ఉంటాయి, రెండింటికీ వీపున నల్లచార ఉంటుంది. బరువు కూడా ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ. దేన్ని పట్టుకుని తేల్చాలి? రాత్రి ఫొటోల్లో అసలు రంగే కనపడదు.

బెజవాడ_అడవిబాట: చార ఉందా లేదా అని కాదండీ, ఎలా సాగిందో చూడాలి. బే డైకర్‌కు మెడ నుంచి తోక దాకా ఒకటే పట్టీ, కాళ్లూ ముదురు రంగే. పీటర్స్‌కు భుజాల వెనక సన్నగా మొదలై, వెనక్కి పోయేకొద్దీ వెడల్పై, తుంటినంతా కమ్మేసి తొడల వెనక్కి దిగుతుంది. శాస్త్రీయ నామంలో ‘కాలిపైగస్’ అంటే గ్రీకులో అందమైన పిరుదులని అర్థం. పేరు పెట్టినాయన చూపు సరిగ్గా పడాల్సిన చోటే పడింది! కొమ్ములు చూసి ఆడా మగా అనుకోకండి, రెండింటికీ ఉంటాయి.

కృష్ణలంక_కెమెరా: నలుపు తెలుపు ఫొటో అయితే టైం చూడండి. బే రాత్రి తిరుగుతుంది, పగలు పడిపోయిన మానుల తొర్రల్లో పడుకుంటుంది. పీటర్స్ పగటిది. ఒకే అడవిలో రాలిన పళ్లే తింటూ రెండూ అలా సర్దుకుపోతాయి.

కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గాబన్ టైం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. ఫొటోలు చూపించే వెబ్‌సైట్ దాన్ని మన టైంలోకి మార్చి చూపిస్తే, అక్కడి మధ్యాహ్నం రెండున్నర మీకు రాత్రి ఏడు అవుతుంది, పీటర్స్ కాస్తా బే అయిపోతుంది. ఫొటో కింది అంచున కెమెరా ముద్రించిన టైమే నమ్మండి. దట్టమైన నీడలో పగలు కూడా కెమెరా ఇన్‌ఫ్రారెడ్ లైటు (కంటికి కనపడని కాంతి) వెలగొచ్చు కాబట్టి, నలుపు తెలుపు కనపడగానే రాత్రి అనుకోకూడదు.

బెజవాడ_అడవిబాట: ఇంకొక్కటి. కాళ్లు తెల్లగా మెరుస్తుంటే ఈ రెండూ కాదు, అది తెల్లకాళ్ల డైకర్. గాబన్‌లో అదీ ఉంది.

గుంటూరు_పచ్చిక: చాలా థాంక్సండీ. తల మాత్రమే పడితే?

కృష్ణలంక_కెమెరా: బే కళ్లు పెద్దవి, దవడ బలంగా ఉంటుంది. అయినా ఆ ఒక్కదాంతో తేల్చొద్దు. ముందూ వెనకా ఫ్రేములు తీసి తుంటి ఎక్కడైనా పడిందేమో చూడండి. లేదంటే ‘ఎర్ర డైకర్, జాతి తేలలేదు’ అని గుర్తు పెట్టండి. తప్పు పేరు పెడితే ఆ జంతువు తిరిగే వేళల లెక్కే పాడైపోతుంది.