ఉగాది వేదిక ఖర్చు తగ్గించి సర్కారు బడిలో కళల పాఠాలకు ఇద్దామా?

హొరమావు అన్నయ్య:
వచ్చే నెల మన బెంగళూరు తెలుగు సంఘం సర్వసభ్య సమావేశం. ఈలోగా ఒక సంగతి తేల్చుకుందామని ఈ చర్చ పెడుతున్నాను. ఉగాది వేడుకకి ఎల్‌ఈడీ తెర, సినిమావాళ్ళ రాకపోకలు, హోటల్ గదులు... చందాల్లో సగానికి పైగా వీటికే పోతోంది. అందులోంచి కొంత పక్కన పెట్టి కె.ఆర్.పురం వైపు రెండు సర్కారు బడుల్లో ఏడాది పొడవునా వారానికో పీరియడ్ బొమ్మలు, పాట, నాటకం చెప్పిద్దామంటున్నాను. ఒక్కరోజు శిబిరం కాదు. కమిటీలో ముగ్గురు నలుగురు "మంచి ఆలోచనే" అన్నారు. ఆ మాట పడ్డాక మన కమిటీలో ఏ పనీ కదలదని మీకూ తెలుసు. అందుకే, వద్దనేవాళ్ళు ఇక్కడే వద్దనండి, ఎందుకో చెప్పండి.

వైట్‌ఫీల్డ్ రెడ్డి:
వద్దు. నేను చందా ఇచ్చేది మా పాప ఏడాదికోసారి స్టేజీ ఎక్కుతుందని. ఇందులో దాపరికమేముంది? ఆ బడుల్లో మరుగుదొడ్లకే దిక్కు లేదు, మనం వెళ్ళి రంగు పెన్సిళ్ళు పంచుదామా? అంత కావాలంటే మా కంపెనీల్లో సీఎస్‌ఆర్ డబ్బు, అదే సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సింది, మూలుగుతోంది, అటు అడగండి. సంఘం డబ్బు మీద పడటం దేనికి?

ఆడిటర్ బాబాయ్:
మూలుగుతున్న మాట నిజమే రెడ్డి గారూ, కానీ అంత తేలిగ్గా రాలదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద వచ్చే కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఏ పనులకి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో చదువూ ఉంది, సంప్రదాయ కళలూ ఉన్నాయి. అక్కడ చిక్కు లేదు. చిక్కల్లా పుచ్చుకునేవాడితోనే. 2021 ఏప్రిల్ నుంచి ఆ డబ్బుతో పని చేయాలంటే సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. అందుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ళ అనుభవం చూపించాలి. మన దగ్గర సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం తప్ప ఏముంది?

ఇంకోటి. మారథాన్లు, అవార్డుల్లాంటి ఒక్కరోజు ముచ్చట్లు సీఎస్‌ఆర్ కిందకి రావని 2014లోనే సర్క్యులర్ వచ్చింది. మీ ఆఫీసు కుర్రాళ్ళు శనివారం బడి గోడలకి రంగులేస్తారే, ఆ గంటలకి రూపాయలు కట్టి ఖాతాలో చూపడానికీ వీల్లేదు. కాబట్టి నమోదైన సంస్థ నీడలో చేరాలి, లేదా సొంత డబ్బుతో మూడేళ్ళు చేసి చూపించాలి. కంపెనీ తలుపు తట్టేది ఆ తర్వాతే.

నిమ్మలకుంట అల్లుడు:
కంపెనీలు, ఫారాలు సరేనప్పా, కళాకారుని సంగతేమి? మా అత్తగారి ఊరు తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, అందరికీ సంతోషమే. మామూలోళ్ళని మాత్రం ఈడి స్కూళ్ళోళ్ళు పిలుస్తారు, గంటసేపు రావణాసురుణ్ణి ఆడిపిస్తారు, శాలువా కప్పి పంపిస్తారు. బస్సు చార్జీ అడిగితే మొహం మాడ్చుకుంటారు. మీ తీర్మానంలో ముందు కూలి ఎంతో రాయండి, మిగిలింది తర్వాత మాట్లాడుకుందాం. పిల్లకాయలు బొమ్మ గీసి, చిల్లులు కొట్టి, రంగు పూసి, తెర వెనక నిలబడి ఆడియ్యాలంటే నెలలు పడతాది. గంటలో అయ్యేది కాదు.

బడి పంతులమ్మ:
నేను తూర్పు బెంగళూరులో సర్కారు హయ్యర్ ప్రైమరీలో పనిచేస్తున్నాను. మరుగుదొడ్లు కట్టేదాకా బొమ్మలు ఆగాలంటే లెక్కలూ ఆపాలి కదండీ రెడ్డి గారూ.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తెరిచి చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న చోట పిల్లలు వంద దాటితే కళలకి, వ్యాయామానికి, పనివిద్యకి పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాసే ఉంది. మా బడిలో ఆ కళల మనిషి లేరు. టైంటేబుల్లో కళ అని ఉన్న పీరియడ్ పరీక్షల ముందు లెక్కలకి పోతుంది. కళ గుర్తొచ్చేది ప్రతిభా కారంజి అప్పుడే. తెలియనివాళ్ళకి చెప్తున్నా, అవి కర్ణాటక బడుల పోటీలు, క్లస్టర్ నుంచి రాష్ట్రం దాకా జరుగుతాయి. బాగా పాడే నలుగుర్ని ఏరి వాళ్ళకే తర్ఫీదు ఇస్తాం. మిగతావాళ్ళు కూర్చుని చప్పట్లు కొడతారు.

బయటి సంస్థలు రాకపోలేదు. హెడ్‌మాస్టర్‌కి నచ్చితే రానిస్తారు. ఆయనకి బదిలీ అయిందా, కొత్తాయన అడిగే మొదటి మాట "ఎవరు అనుమతిచ్చారు?" ఆ సంస్థలోనూ ఒక్క అమ్మాయే అన్నీ చూసుకుంటుంటుంది. ఆమెకి పెళ్ళి కుదిరిందో, ఆన్‌సైట్ వచ్చిందో, అంతే సంగతులు. అటొకరు ఇటొకరి మీద నడిచే పని ఇంతకన్నా ఎక్కువ నిలవదు.

అందుకే డబ్బు కన్నా ముందు నాకు బ్లాక్ విద్యాధికారి (బీఈఓ) ఆఫీసు నుంచి రాతలో అనుమతి కావాలి. జూన్‌లోనే టైంటేబుల్లో పీరియడ్ వేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎస్‌డీఎంసీ పుస్తకంలో తీర్మానం. అది బడి కమిటీ, అందులో ఉండేది ఎక్కువగా తల్లిదండ్రులే. వాళ్ళు సంతకం పెట్టిన పనిని కొత్త హెడ్‌మాస్టర్ ఊరికే ఆపలేరు. వచ్చే కళాకారుడి పక్కన మా టీచర్ ఒకరు కూర్చుని నేర్చుకోవాలి కూడా. ఈ ఊళ్ళోనే ఉన్న ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వాళ్ళ 'కలి-కలిసు' కార్యక్రమం చూడండి, కన్నడంలో 'నేర్చుకో, నేర్పు' అని. 2009లో మొదలైంది. సర్కారు బడి టీచర్ల చేతికే గ్రాంటిచ్చి, చుట్టుపక్కల కళల్నీ కథల్నీ పాఠంలోకి తెమ్మంటారు. బయటివాళ్ళు వెళ్ళిపోయినా టీచర్ ఉంటుంది కదా.

మియాపూర్ టు మారతహళ్ళి:
మంచిగ చెప్పిండ్రు మేడమ్. నాదొక్కటే భయం. అవి కన్నడ మీడియం బడులు. తెలుగు సంఘం బ్యానర్ కట్టుకొని పోతే భాష రుద్దుతున్నరని ఎవడన్న వీడియో తీస్తడు. ఈ రోజుల్ల అది చాలు.

బడి పంతులమ్మ:
బ్యానర్ వద్దే వద్దు. పాఠం కన్నడంలోనే జరగాలి. మా క్లాసులో రాయచూరు, యాదగిరి, కర్నూలు, అనంతపురం నుంచి వచ్చిన మేస్త్రీల పిల్లలున్నారు. ఇంటి దగ్గర వాళ్ళమ్మ పాడే పాట ఏ భాషదైనా క్లాసులో పాడొచ్చు, అంతవరకే.

వైట్‌ఫీల్డ్ రెడ్డి:
ఇదిగో, అసలు సంగతి ఇక్కడుంది. బ్యానర్ లేకపోతే మీకు స్పాన్సర్ ఎవడిస్తాడు? స్వీటు కొట్టువాడు, రియల్ ఎస్టేటువాడు ఇచ్చేది పేరు కనిపిస్తుందని. రేపు వాళ్ళు తగ్గిస్తే ఉగాదీ పోతుంది, మీ బడీ పోతుంది. కళలు వద్దని నేననను. చందా ఒక పేరు చెప్పి వసూలు చేసి ఇంకోదానికి పెట్టడం తప్పంటున్నాను.

ఆడిటర్ బాబాయ్:
ఈ మాటలో న్యాయం ఉంది. ఉగాది చందాని ముట్టుకోవద్దు. రసీదు మీదే రెండో గీత పెడదాం: "బడి కళల ఖాతా". ఇష్టమైనవాళ్ళు అందులో వేస్తారు. ఎంత పడుతుందో చూస్తే మన వాళ్ళ అసలు మనసు తెలుస్తుంది.

హొరమావు అన్నయ్య:
అలా విడగొడితే అది ప్రతి ఏడూ అడుక్కునే ఖాతా అయిపోతుంది బాబాయ్. కళాకారుడికి నెల నెలా ఇవ్వాల్సిన డబ్బు దయ మీద నడవకూడదు. నా తీర్మానం మారుస్తున్నాను: రెండు బడులు కాదు, ఒకటే. మూడేళ్ళు. సంఘం మామూలు బడ్జెట్లోనే ఒక పద్దు, దాన్ని స్పాన్సర్ల డబ్బుతో కాక సభ్యత్వ రుసుముతో నింపాలి. కమిటీ నుంచి ఇద్దరి పేరు మీద బాధ్యత. ఉగాది రోజు ఆ బడి పిల్లలకి వేదిక మీద ఇరవై నిమిషాలు.

వైట్‌ఫీల్డ్ రెడ్డి:
ఎవరి పిల్లల డాన్స్ తీసేసి?

బడి పంతులమ్మ:
ఎవరిదీ తీయక్కర్లేదు, ఆ ఇరవై నిమిషాలు కొట్టేయండి. వేదిక అనగానే మేం మళ్ళీ నలుగుర్నే ఏరతాం. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మీ కమిటీయే మా బడికి రండి, క్లాసంతా చూడండి.

ఆడిటర్ బాబాయ్:
నా ఓటు ఇంకా విడి ఖాతాకే. ఏదైనా సరే, తీర్మానం సమావేశం ముందు కార్యదర్శికి రాతలో అందాలి, ప్రతిపాదించేవారూ బలపరిచేవారూ సంతకం పెట్టాలి. మొదటి సంతకం హొరమావువారిది. రెండోది ఎవరిది?

నిమ్మలకుంట అల్లుడు:
నాది రాసుకో అన్నా. కూలి లైను మాత్రం ఎవురూ కొట్టేయకూడదు.